కాంక్రీటు నాడి చూసే కాంతి



బెంగుళూరు నగరంలో తుమకూరు రోడ్డుపైనున్న పీణ్య ఫ్లైఓవరు 2010లో ప్రారంభమైంది. పుష్కరకాలమైనా నిండకముందే, 2021 డిసెంబరులో మూతపడింది. రెండు స్తంభాల నడుమ వంతెనను బిగించి పట్టే ఉక్కు కేబుళ్లు దెబ్బతిన్నట్లు తేలింది. 2022 ఫిబ్రవరిలో తేలికపాటి వాహనాలను అనుమతించారు; భారీ వాహనాలకు 2024 జులై వరకు దారి దొరకలేదు.

కాంక్రీటులో దాగిన ఉక్కు కంటికి కనబడదు. పైన బీట కనిపించేనాటికి లోపల జబ్బు ముదిరి ఉండవచ్చును. వైద్యుడు నాడి చూసినట్లే కట్టడానికీ నాడి చూడవలసి ఉన్నది. అందుకు ఉపకరించే సాధనాలలో ఒకటి కాంతి తంతువు.

ఇది మిల్లీమీటరులో ఎనిమిదో వంతు మందం గల గాజుపోగు. పాఠశాలలో చదివే సంపూర్ణాంతర పరావర్తనం వల్లనే కాంతి ఇందులో బయటికి పోక ప్రయాణిస్తుంది. 1978లో కెనడాలో కెన్నెత్ హిల్ బృందం ఈ పోగులోనే సూక్ష్మమైన చారల వరుస ఏర్పరచవచ్చునని కనుగొన్నది. ఆ చారలు ఒకే ఒక తరంగదైర్ఘ్యాన్ని వెనుకకు పంపుతాయి. కాంక్రీటుతోపాటు పోగు సాగితే చారల ఎడము పెరుగుతుంది. తిరిగివచ్చే తరంగదైర్ఘ్యమూ పెరుగుతుంది. మీటరు పొడవున మైక్రోమీటరు సాగినా పరికరం పసిగట్టగలదు. గాజు తుప్పు పట్టదు. దగ్గరలోని విద్యుత్తు తీగలు దాని సంకేతాన్ని చెరపలేవు.

అయితే ఒక చిక్కున్నది. ఎండ వేడికీ తరంగదైర్ఘ్యం మారుతుంది. ఒక్క డిగ్రీ వేడి తెచ్చే మార్పు, పైన చెప్పిన సాగుదల తెచ్చే మార్పుకు దాదాపు ఎనిమిది రెట్లు. అందుచేత కాంక్రీటుకు అతకని మరొక తంతువును పక్కనే ఉంచి, అది చూపే వేడి లెక్కను తీసివేస్తారు. లేనిచో మధ్యాహ్నపు ఎండను వంతెన జబ్బుగా పొరబడే ప్రమాదమున్నది.

1993లో కెనడాలోని కాల్గరీ నగరపు బెడింగ్టన్ ట్రెయిల్ వంతెన దూలాలలో ఇట్టి సెన్సర్లను అమర్చారు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోనూ ఈ సెన్సర్లపై పరిశోధన జరిగింది. 1933లో ఆ సంస్థకు వచ్చిన సి.వి. రామన్ అంతకుముందు 1928లో కనుగొన్న ఫలితం ఆధారంగానే, నేడు కిలోమీటర్ల పొడవైన తంతువు వెంట ఎక్కడెంత వేడి ఉన్నదో కొలవగలుగుతున్నారు.

సెన్సరు తుప్పును నేరుగా చూడదు. పట్టు సడలి దూలం కదలిక మారితే, ఆ మార్పును మాత్రమే చెబుతుంది. కట్టిన తొలినాటి కొలత భద్రపరచకపోతే ఏది మార్పో తెలియదు. ఆ అంకెలను ఏళ్ల తరబడి ఓపికగా చదివేవారు లేకపోతే ఎంత ఖరీదైన తంతువైనా గోడలోని మూగ గాజుపోగే.

డెబ్బై అయిదేళ్లు నిండిన ఈ పాఠశాలలో కాంతి పాఠాన్ని తెలుగులో చదువుతున్న విద్యార్థులలో కొందరైనా రేపు ఆ అంకెలను చదివేవారు కావాలి. వంతెనపై నిశ్చింతగా సాగే ప్రయాణికులు వారి పేరు ఎరుగకపోవచ్చును. ఆ నిశ్చింతయే వారి విద్యకు సార్థకత.