షాపు ఎవరిదైనా, బెల్టు షాపు మన వీధిలోనే!

ఈరోజు మాట్లాడుకునేది మందు గురించి. తాగమనీ కాదు, మానమనీ కాదు. లైసెన్స్ గురించి.

మన ఏపీలో 2019 నుంచి ఐదేళ్లు వైన్ షాపులు ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబర్‌లో చట్టం మార్చి మళ్లీ ప్రైవేటుకిచ్చారు. 3,396 షాపులు. ఒక్కో అప్లికేషన్‌కి 2 లక్షలు, లాటరీ తగలకపోతే వెనక్కి రావు. అయినా 89,882 అప్లికేషన్లు వచ్చాయి. లెక్కేయండి, షాపు తెరవకముందే దాదాపు 1,798 కోట్లు!

లైసెన్స్ టైమ్ రెండేళ్లు. 2026 సెప్టెంబర్ 30తో అయిపోతుంది. అంటే ఈలోపు లక్షల్లో కట్టిన ఫీజు రాబట్టుకోవాలి. ఎలా? ఎక్కువ అమ్మితేనే కదా! అక్కడే బెల్టు షాపు పుడుతుంది. రాజమండ్రిలోనో భీమవరంలోనో లైసెన్స్ షాపు బోర్డు పెట్టుకుని కనబడుతుంది. లంక గ్రామంలో కిరాణా కొట్టు వెనకాల అమ్మేదానికి బోర్డు ఉండదు, టైమ్ ఉండదు. పొద్దున్నే కూలికెళ్లే మనిషికి దారిలోనే దొరుకుతుంది. రేటు కూడా ఎక్కువే. ఆ డబ్బు ఎవరింట్లోంచి పోతుందో మీకు తెలుసు.

బెల్టు షాపుకి సరుకిస్తే మొదటిసారి 5 లక్షల ఫైన్, రెండోసారి లైసెన్స్ రద్దు అని ముఖ్యమంత్రి అప్పుడే హెచ్చరించారు. మంచిదే. కానీ పట్టుకునేదెవరు? సీసా మీద హోలోగ్రామ్ ఉంటుంది కదండీ, దాన్నిబట్టి అది ఏ షాపు సరుకో తెలుసుకోవచ్చు. చిన్న కొట్టువాడి మీద కేసు పెట్టి ఊరుకోకుండా, సరుకిచ్చినవాడి దాకా వెళ్లాలి.

పూర్తిగా బంద్ చేస్తే పోదా అంటారా? 1995లో ఎన్టీఆర్ చేశారు. 1997లో ఎత్తేశారు. అప్పుడు పక్క రాష్ట్రాల సరుకు, నాటుసారా ఆగలేదు. కానీ దానికి ముందు జరిగింది గుర్తుంచుకోండి. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అది ఊరూరా పాకి, 1993లో సారా నిషేధం వచ్చింది. పైనుంచి వచ్చిన జీవో కాదండీ, కిందనుంచి వెళ్లిన ఒత్తిడి.

అందుకే నేననేది ఒక్కటే. కొత్త పాలసీ రాసేటప్పుడు ఫీజు ఎంత, లాటరీ ఎప్పుడు అన్నదే కాదు, మా ఊళ్లో షాపు ఉండాలా వద్దా అని గ్రామసభని కూడా అడగాలి. మీ ఊళ్లో గ్రామసభ జరిగితే వెళ్లండి, అమ్మనీ తీసుకెళ్లండి. ఈ మాట మినిట్స్ బుక్‌లో రాయించండి.

మీరేమంటారో కామెంట్‌లో చెప్పండి. ఉంటాను మరి.