హాలండు సైకిలు – మన పిల్లల పాదాలు

(కాణిపాకంలో రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సభలో ఒక నర్సు చేసిన ప్రసంగ పాఠం)



ఈ దినం నాకు ఇచ్చిన అంశం సైకిలు. షుగరు గురించో బి.పి. గురించో చెబుతుందని వచ్చినవాళ్లు కంగారుపడకండి, వాటి సంగతి కూడా మధ్యలో వస్తుంది. సైకిలుతో ఆసుపత్రివాళ్లకేం పని అని కొందరికి అనిపించవచ్చు. డ్రెస్సింగు గదిలో పనిచేసేవాళ్లను అడగండి, చెబుతారు.

ఈ మధ్య పట్నంలో సైకిలు షాపుల ముందు కొత్త రకం సైకిళ్లు వరుసగా నిలబెట్టి ఉంటున్నాయి. లావు టైర్లు, గేర్లు, ముందుకు వంగి తొక్కే హ్యాండిలు. చూడ్డానికి బాగుంటాయి. అయితే చాలావాటికి చైను కవరు ఉండదు, సరైన మడ్‌గార్డు ఉండదు, లైటు ఉండదు. పిల్లవాడు ముచ్చటపడ్డాడని మనం కొనిస్తాం. సైకిలంటే ప్రాణం పెట్టే ఒక దేశం ఉంది. ఆ దేశంవాళ్లు తొక్కే సైకిలు చూస్తే మాత్రం మన పాత లేడీస్ సైకిలే గుర్తుకొస్తుంది.

ఆ దేశం నెదర్లాండ్స్. మనం హాలండు అంటాం. అక్కడివాళ్లు డచ్చివాళ్లు. 1600ల మొదట్లోనే మన మచిలీపట్నానికి వర్తకానికి వచ్చినవాళ్లే, పాతవాళ్లు వాళ్లను ఒలందులు అనేవారు. ఆ దేశ జనాభా సుమారు 1 కోటి 80 లక్షలు. సైకిళ్లు 2 కోట్ల 30 లక్షల దాకా ఉన్నాయి. మనుషుల కంటే సైకిళ్లే ఎక్కువ! జనం చేసే ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిలు మీదే జరుగుతాయి. ఉట్రెక్ట్ అనే ఊళ్లో రైల్వే స్టేషను దగ్గర 12,500 సైకిళ్లు పెట్టుకొనే చోటు కట్టారు, 2019లో అది పూర్తయింది. మార్క్ రుట్టె ప్రధానమంత్రిగా ఉన్న కాలంలో ఆఫీసుకు సైకిలు తొక్కుకుంటూ వెళ్లేవారు. 2017లో మన ప్రధాని అక్కడికి వెళ్లినప్పుడు ఆయన ఇచ్చిన కానుక కూడా సైకిలే.

అక్కడ సైకిలును పేదవాడి బండి అని ఎవరూ చిన్నచూపు చూడరు. మన దగ్గరేమో అబ్బోడు పదో తరగతి దాటితే మోటారు సైకిలు కావాలంటాడు. గేరు బండి లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలని తెలిసి కూడా తండ్రి తాళంచెవి ఇచ్చేస్తాడు. ఇది నాకు బొత్తిగా నచ్చని విషయం గనుక కాస్త ఆగి చెబుతున్నాను.

వాళ్లకేమమ్మా, పుట్టుకతోనే సైకిలు దేశం అంటారేమో. కాదు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అక్కడ కూడా చేతిలో డబ్బు ఆడింది, ప్రతి ఇంటికీ కారు వచ్చింది. రోడ్లు వెడల్పు చేయడానికి ఇళ్లు కూలగొట్టారు. సైకిలు తొక్కేవాళ్లు ఏటేటా తగ్గిపోయారు. 1971వ సంవత్సరం ఒక్కదానిలోనే రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. అంత చిన్న దేశంలో!

అలా బిడ్డను పోగొట్టుకున్న ఒక తండ్రి పత్రికా విలేకరి. 1972లో ఆయన తన పత్రికలో ఒక వ్యాసం రాశాడు. “పిల్లల హత్య ఆపండి” అని దాని పేరు. ప్రమాదం అనలేదు చూడండి, హత్య అన్నాడు. ఆ పేరుతోనే తల్లిదండ్రుల సంఘం ఒకటి పుట్టింది. తల్లులు, తండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని రోడ్ల మీదికి వచ్చి, కార్లను ఆపి, అక్కడే పిల్లలను ఆడించారు. 1973లో పెట్రోలుకు కరువు వచ్చింది. ఆ నవంబరు నుండి కొన్ని వారాలపాటు ఆదివారాల్లో కార్లు తిరగకూడదని ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చింది. కార్లు లేని వీధి ఎంత నెమ్మదిగా ఉంటుందో జనం కళ్లారా చూశారు. తరువాతి సంవత్సరాల్లో ఒక్కొక్క ఊళ్లో సైకిళ్లకు వేరే దారులు వేస్తూ పోయారు. ఇళ్ల మధ్య వీధుల్లో బండ్ల వేగం తగ్గించారు. ఈ మధ్య సంవత్సరాల్లో అక్కడ రోడ్డు మరణాలు ఏటా 700కు అటు ఇటుగా ఉంటున్నాయి. కార్లేమో అప్పటికంటే చాలా ఎక్కువ.

మన దేశంలో 2022లో రోడ్ల మీద పోయిన ప్రాణాలు 1,68,491. ఈ అంకె కేంద్ర ప్రభుత్వమే ప్రకటించింది.

మన తెలుగువాళ్ల వైపు చూస్తే, హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023లో ప్రారంభమైంది. పైన సోలార్ పలకల కప్పు, కింద నీడ. మంచి పనే. కానీ ఎక్కువగా వ్యాయామం కోసం వెళ్లేవాళ్లకు పనికొచ్చే దారి అది. మన పిల్లలు బడికి వెళ్లే దారి వేరు. చిత్తూరు నుండి కాణిపాకం వచ్చే బస్సులు, ఆటోలు, యాత్రికుల కార్లు అన్నీ తిరిగే రోడ్డు అంచునే వాళ్లు తొక్కుతారు. చవితి బ్రహ్మోత్సవాల రోజుల్లో ఆ అంచు కూడా మిగలదు.

అక్కడ 11, 12 ఏళ్ల పిల్లలకు బడిలోనే రోడ్డు నియమాల పరీక్ష పెడతారు. రాత పరీక్షతో పాటు వీధిలో సైకిలు తొక్కి చూపించాలి. చెయ్యి చాపి సైగ చేయడం, వెనక్కి తిరిగి చూసి మలుపు తిరగడం చూస్తారు. ఇది మన పంచాయతీ బడిలో కూడా చేయవచ్చు, రూపాయి ఖర్చు లేదు. ఇంకొక అలవాటు కూడా వాళ్లదే. కారు తలుపు తీసేటప్పుడు తలుపు పక్కనున్న చేత్తో కాకుండా రెండో చేత్తో తీయడం. అలా తీస్తే ఒళ్లు తిరుగుతుంది, కళ్లు వెనక్కి చూస్తాయి, వచ్చే సైకిలు కనబడుతుంది. గుడి దగ్గర కారు ఆపేవాళ్లకు ఇది చెప్పండి.

ఇప్పుడు పాదాల సంగతికి వస్తాను. తండ్రి ముందు తొక్కుతుంటాడు, నాలుగైదేళ్ల బిడ్డ వెనక క్యారియర్ మీద కూర్చుంటుంది. కాళ్లు వేలాడుతుంటాయి. నిద్ర వస్తుంది, లేదా గుంతలో బండి ఎగురుతుంది, పాదం చక్రం ఊచల మధ్యకు పోతుంది. మడమ, చీలమండ నలిగిపోతాయి. ఎక్కువగా రెండేళ్ల నుండి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకే ఈ గాయం. దీనిలో మోసం ఏమిటంటే, మొదటి రోజు గీసుకుపోయినట్టు మాత్రమే కనబడుతుంది. లోపల నలిగిన చర్మం రెండు మూడు రోజులకు నల్లబడి చచ్చిపోతుంది. అప్పుడు వస్తే ఒక్కోసారి చర్మం తీసి అతకవలసి ఉంటుంది, నెలల తరబడి బడి పోతుంది.

పాదం ఇరుక్కుంటే చక్రం తిప్పకండి, కాలు లాగకండి. సైకిలును, బిడ్డను కదలకుండా పట్టుకొని ఊచలను వంచండి, వంగకపోతే కత్తిరించండి. ఊచ ఖరీదెంత, కాలు ఖరీదెంత? తరువాత శుభ్రమైన నీళ్లు ధారగా పోసి కడగండి. ఉతికిన గుడ్డ కప్పండి. పసుపు, కాఫీ పొడి, బూడిద, టూత్‌పేస్టు ఏదీ పూయవద్దు. నడిపించకుండా ఎత్తుకొని అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. ఎక్స్‌రే అవసరమవుతుంది, టి.టి. ఇంజెక్షను సంగతి కూడా చూస్తాము.

డచ్చివాళ్ల సైకిలులో నాకు నచ్చినది ఇక్కడే ఉంది. చైను మొత్తం పెట్టెలో దాగి ఉంటుంది. వెనక చక్రానికి రెండు పక్కలా గుడ్డ చిక్కకుండా రేకో వలో ఉంటుంది. వాళ్ల ఆడవాళ్ల గౌన్ల కోసం పెట్టినది, మన మోటారు సైకిళ్లకు ఉండే శారీ గార్డు లాంటిదే. చీర కొంగుకు, చున్నీకి, చిన్న పాదానికి అన్నిటికీ అదే కాపు. పిల్లలకు వెనక వేరే సీటు, పాదాలు పెట్టుకొనే చోటు, బెల్టు ఉంటాయి. బెల్లు, రాత్రి వేళ ముందూ వెనకా లైట్లు అక్కడ చట్టప్రకారం ఉండాలి.

మన సైకిలు షాపులో అడిగితే వీటిలో చాలావరకు దొరుకుతాయి. పంచర్ వేసే చిన్న షాపతను కూడా వెనక చక్రానికి రెండు వైపులా గట్టి వల కట్టి ఇవ్వగలడు. గేర్ల కోసం పెట్టే డబ్బులో కొంచెం చైను కవరుకు, ఎర్ర రిఫ్లెక్టరుకు, మంచి బ్రేకులకు పెట్టమని నా మనవి. డచ్చివాళ్లు ఎక్కువమంది హెల్మెట్ పెట్టుకోరు. వాళ్లకు వేరే దారి ఉంది, మనకు లేదు. గనుక మన పిల్లలకు పెట్టండి.

పెద్దవాళ్లకు కూడా ఒక మాట. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకు అరగంట, అయిదు రోజులు. సైకిలు మీద బరువు సీటు మోస్తుంది గనుక మోకాళ్ల నొప్పులున్న చాలామందికి నడక కంటే సుఖంగా ఉంటుంది. సీటు ఎత్తు సరిగా ఉండాలి. పెడలు కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. షుగరున్నవాళ్లు చెప్పులతో తొక్కవద్దు, వేళ్లు కప్పే బూట్లు వేసుకోండి. తిమ్మిరి పట్టిన పాదానికి దెబ్బ తగిలినా తెలియదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు జేబులో చక్కెరో చాక్లెట్టో పెట్టుకోండి. కాలికి పుండు ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుగారిని అడిగాకే మొదలుపెట్టండి. మన ఎండ డచ్చివాళ్లకు తెలియదు, వేసవిలో ఉదయం ఎనిమిది లోపే ముగించండి.

బయట చెట్టు కింద ఒక పాత లేడీస్ సైకిలు పెట్టాము. సీటు ఎత్తు ఎలా చూసుకోవాలో, వెనక చక్రానికి వల ఎలా కట్టాలో మా సిస్టర్లు చూపిస్తారు. పిల్లలున్నవాళ్లు అక్కడికి వెళ్లండి. షుగరు పరీక్ష చేయించుకోవలసినవాళ్లు ముందు ఎడమ వైపు బల్ల దగ్గరికి రండి.