తాత దగ్గర ఆగిన వంశవృక్షం: చర్చి రిజిస్టర్లు, వీలునామాల్లో షేక్‌స్పియర్ కుటుంబం



చరిత్రను ఆధారం చూపి బోధించిన ఒక ఉపాధ్యాయుని పేరిట జరిగే సభ ఇది. అందుకే ఆధారం గురించే మాట్లాడాలనుకున్నాను. ఒక ఇంగ్లీషు కుటుంబాన్ని తీసుకుని, పాత చర్చి రిజిస్టర్లూ వీలునామాలూ పట్టుకుని ఎంత దూరం వెనక్కి వెళ్లగలమో చూద్దాం. నేను ఎంచుకున్నది విలియం షేక్‌స్పియర్ కుటుంబం. ఆయన నాటకాల జోలికి ఈరోజు పోను. ఇంగ్లండులోని రైతు, వర్తక కుటుంబాల్లో పండితులు ఇంతగా గాలించిన కుటుంబం మరొకటి ఉండదు. అయినా తండ్రి వైపు తాత దగ్గరికి వచ్చేసరికి దారి ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో తెలిస్తే, వంశచరిత్ర రాసే పద్ధతి సగం తెలిసినట్టే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. వంశగౌరవం చాటుకోవడానికి రాయించుకున్న కాగితాల కంటే, పన్నుకో జరిమానాకో ఆస్తి పంపకానికో ఎవరో రాసిపెట్టిన కాగితాలే వంశానికి గట్టి సాక్షులు.

రిజిస్టరు ఎలా పుట్టింది

ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538 సెప్టెంబరులో ఒక ఉత్తర్వు జారీ చేశాడు. ప్రతి పారిష్ చర్చిలోనూ ఒక పుస్తకం పెట్టాలి. ప్రతి ఆదివారం, ఆ వారంలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు చర్చి వార్డెన్ల ఎదుట అందులో రాయాలి. పుస్తకాన్ని రెండు తాళాల పెట్టెలో ఉంచాలి. రాయడం మానితే 3 షిల్లింగుల 4 పెన్నీల జరిమానా. ఆ డబ్బు చర్చి మరమ్మతుకు పోతుంది. దీని వెనక కొత్త పన్నేదో వస్తోందని జనం భయపడ్డారు.

మొదట్లో చాలాచోట్ల రాసింది కాగితం మీద. అవి చిరిగాయి, పోయాయి. 1598లో మరో ఆదేశం వచ్చింది: పాత నమోదులన్నిటినీ తోలుకాగితం మీదికి ఎక్కించాలి, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి పట్టానికి వచ్చిన నాటి నుంచి ఉన్నవాటిని. ఆ 'ముఖ్యంగా' అన్న వెసులుబాటు పట్టుకుని చాలామంది అంతకు ముందరి ఇరవయ్యేళ్లనూ వదిలేశారు. ఇంగ్లండులో ఎన్నో రిజిస్టర్లు 1538లో కాక 1558లో మొదలవడానికి కారణం ఇదే. ఏటా ఒక నకలు బిషప్పు కార్యాలయానికి పంపాలన్న నియమం కూడా అప్పుడే గట్టిపడింది. చర్చిలోని పుస్తకం పోయినచోట ఇప్పుడు ఆ నకళ్లే దిక్కు.

స్ట్రాట్‌ఫర్డ్ పుస్తకం

ఏవన్ నది ఒడ్డున ఉన్న స్ట్రాట్‌ఫర్డ్‌లో హోలీ ట్రినిటీ చర్చి రిజిస్టరు కూడా 1558లోనే మొదలవుతుంది. 1564 ఏప్రిల్ 26న జాన్ షేక్‌స్పియర్ కుమారుడు విలియంకు బాప్తిస్మం ఇచ్చినట్టు లాటిన్‌లో ఒక చిన్న నమోదు ఉంది. ఈ ఒక్క పంక్తిని ఎలా చదవాలో చూడండి.

అందులో పుట్టిన తేదీ లేదు. లోకమంతా పండుగ చేసుకునే ఏప్రిల్ 23 ఒక ఊహ మాత్రమే. తల్లి పేరు లేదు. పైగా ఇప్పుడు మనకున్నది ఆనాడు రాసిన పుట కూడా కాదు. 1558 నుంచి 1600 దాకా నమోదులన్నీ ఒకే చేతిరాతలో ఉన్నాయి. అవి తోలుకాగితం మీదికి ఎక్కించిన ప్రతి. రాసినవాడు పొరపడితే ఆ పొరపాటు మనదాకా వచ్చిందన్నమాటే. ఆ 1564లోనే జూలై 11న ఖననాల పట్టికలో ఒక పేరు పక్కన, ప్లేగు ఇక్కడ మొదలైందని రాసి ఉంది. ఆ ఊళ్లో ఆ ఏడు 200 మందికి పైగా చనిపోయారు. మూడు నెలల పసివాడు బతికి బట్టకట్టాడని తెలిసేది ఖననాల్లో అతని పేరు లేకపోవడం వల్ల.

లేకపోవడం కూడా సాక్ష్యమే, జాగ్రత్తగా వాడుకుంటే. జాన్ దంపతుల పెద్ద కూతురు జోన్‌కు 1558 సెప్టెంబరు 15న బాప్తిస్మమైంది. ఆమె ఖననం ఎక్కడా కనబడదు. 1569 ఏప్రిల్ 15న అదే జాన్ కూతురు మరో జోన్‌కు బాప్తిస్మమైనట్టు ఉంది. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం ఆనాటి అలవాటు కనుక, పెద్ద జోన్ పసితనంలోనే చనిపోయిందని పరిశోధకులు భావిస్తారు. తొలి ఏళ్ల ఖననాల నమోదులు సరిగా లేవన్నది దీనికి బలం. ఇది నిరూపణ కాదు, బలమైన అనుమానం. రెండింటినీ వేరుగా రాసుకోవడం ఈ విద్యలో మొదటి క్రమశిక్షణ.

తేదీల్లో ఇంకో మెలిక ఉంది. 1752కు ముందు ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. విలియం కవలలు హామ్నెట్, జూడిత్‌లకు బాప్తిస్మం జరిగింది మన లెక్కలో 1585 ఫిబ్రవరి 2. ఆనాటి లెక్కలో అది ఇంకా 1584. ఈ సంగతి పట్టించుకోనివారి వంశవృక్షాల్లో పిల్లలు పెళ్లికి ముందే పుట్టేస్తారు, చచ్చినవాళ్లు సంతకాలు చేస్తారు.

రిజిస్టరుకు ముందు

తండ్రి జాన్, తల్లి మేరీ ఆర్డెన్. వీళ్ల పుట్టుకల నమోదులు లేవు. పుస్తకం కంటే వాళ్లే పెద్దవాళ్లు. పెళ్లి కూడా దొరకదు. వధువు ఊరి పారిష్ అయిన ఆస్టన్ క్యాంట్లో రిజిస్టరు 1560లో మొదలవుతుంది, పెళ్లి అంతకు ముందే అయిపోయింది. ఇక్కడి నుంచి దారి చూపేది వీలునామా.

మేరీ తండ్రి రాబర్ట్ ఆర్డెన్ విల్మ్‌కోట్ గ్రామపు రైతు. 1556 నవంబరులో వీలునామా రాశాడు. ఎనిమిదిమంది కూతుళ్లున్న ఆ మనిషి, చిన్నదైన మేరీకి ఆస్బీస్ అనే భూమినీ, దానిమీద ఉన్న పంటనూ, 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలనూ ఇచ్చాడు. అప్పటికి ఆమెకు పెళ్లి కాలేదని ఆ రాత వల్ల తెలుస్తోంది. 1558 సెప్టెంబరులో మొదటి బిడ్డ బాప్తిస్మం. అంటే పెళ్లి ఈ రెండు తేదీల మధ్య జరిగింది. ఒక వీలునామా, ఒక రిజిస్టరు కలిసి, రెండింట్లోనూ లేని సంగతిని చెప్పాయి.

తండ్రి వైపు తాత రిచర్డ్ షేక్‌స్పియర్. స్నిటర్‌ఫీల్డ్ గ్రామంలో 1529 నుంచి మేనర్ కోర్టు (భూస్వామి ఎస్టేటు కోర్టు) పత్రాల్లో కనబడతాడు. అతను కౌలుకు చేసిన భూమి ఎవరిదనుకున్నారు? వియ్యంకుడు కాబోయే రాబర్ట్ ఆర్డెన్‌దే. 1550 నాటి దస్తావేజు ఒకటి ఆ సంగతి చెబుతుంది. యజమాని కూతురు కౌలుదారు కొడుకుని చేసుకుందన్నమాట. రిచర్డ్ వీలునామా రాయలేదు. అలాంటప్పుడు చర్చి కోర్టు ఆస్తి జాబితా వేయించి, దగ్గరివాళ్లకు నిర్వహణ అప్పగించేది. 1561 ఫిబ్రవరిలో వూస్టర్‌లో ఆ అధికారం జాన్‌కు దక్కింది. ఆస్తి విలువ 38 పౌండ్ల 17 షిల్లింగులు.

ఆ పత్రంలోని జాన్ స్నిటర్‌ఫీల్డ్ రైతు. మనకు కావలసిన జాన్ స్ట్రాట్‌ఫర్డ్‌లో చేతి తొడుగులు కుట్టేవాడు. ఇద్దరూ ఒకరేనా? ఇక్కడ 1587 నాటి అప్పు దావా ఒకటి ఆదుకుంటుంది. స్ట్రాట్‌ఫర్డ్ జాన్, స్నిటర్‌ఫీల్డ్‌లో సేద్యం చేసే తమ్ముడు హెన్రీ అప్పుకు పూచీ పడి ఇరుక్కున్నాడు. ఆ పూచీ పుణ్యాన అన్నదమ్ముల బంధం కోర్టు రికార్డుకెక్కింది. జాన్ స్ట్రాట్‌ఫర్డ్‌కు వచ్చి స్థిరపడ్డాడని చెప్పే తొలి ఆధారం ఇంకా సామాన్యమైనది: 1552 ఏప్రిల్‌లో హెన్లీ వీధిలో పెంటకుప్ప పోసినందుకు పడిన జరిమానా!

పెళ్లి పత్రాలు

విలియం, యాన్ హాత్‌వేల పెళ్లి నమోదు ఏ రిజిస్టరులోనూ దొరకలేదు. వూస్టర్ బిషప్పు కార్యాలయపు రికార్డుల్లో రెండు పత్రాలున్నాయి. 1582 నవంబరు 28 నాటి పూచీకత్తులో ఇద్దరు రైతులు 40 పౌండ్లకు జామీను పడ్డారు. పెళ్లి ప్రకటన మూడుసార్లకు బదులు ఒక్కసారే చదివి పెళ్లి చేయడానికి అనుమతి కోసం. పెద్ద కూతురు సుసానా బాప్తిస్మం 1583 మే 26న. తొందర ఎందుకో తేదీలే చెబుతున్నాయి.

పూచీకత్తుకు ముందురోజు, అంటే నవంబరు 27న, లైసెన్సు పుస్తకంలో వధువు పేరు మాత్రం టెంపుల్ గ్రాఫ్టన్‌కు చెందిన యాన్ వేట్లీ అని ఉంది. ఈ ఒక్క మాట మీద భగ్న ప్రేమకథలల్లినవాళ్లున్నారు. అదే రోజు అదే కోర్టులో వేట్లీ అనే ఇంటిపేరు గల వ్యక్తి మీద, చర్చికి చెల్లించే దశమభాగం వివాదం నడిచింది. గుమాస్తా చెయ్యి జారిందనుకోవడమే సబబు. ఇక యాన్ తండ్రి రిచర్డ్ హాత్‌వే 1581 వీలునామాలో యాన్ అనే పేరే లేదు. పెళ్లినాటికి 6 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు ఇవ్వాలన్న కూతురి పేరు ఆగ్నెస్. ఆ కాలంలో ఈ రెండు పేర్లూ ఒకరికే వాడేవారు. పేరు తేడా చూసి మనిషి వేరనుకోవడం ఎంత తప్పో, పేరు కలిసింది గదా అని మనిషి ఒకరేననుకోవడం అంతకు రెట్టింపు తప్పు.

1616 వీలునామా

ఇప్పుడు అసలు వీలునామా. మూడు పెద్ద కాగితాలు. ఇంగ్లండు జాతీయ అభిలేఖాగారంలో భద్రంగా ఉన్నాయి. తేదీ 1616 మార్చి 25. మొదట జనవరి అని రాసి కొట్టేశారు. ఈ కొట్టివేతలే కథ చెబుతాయి. జూడిత్ వాటా రాసేచోట అల్లుడి ప్రస్తావన తీసేసి కూతురి పేరు పెట్టారు. ఎందుకు? రిజిస్టరు తెరవండి. ఫిబ్రవరి 10న జూడిత్‌కు థామస్ క్వైనీతో పెళ్లి. మార్చి 15న మార్గరెట్ వీలర్ అనే స్త్రీ, ఆమె బిడ్డ ఖననం. మార్చి 26న చర్చి కోర్టులో ఆ స్త్రీతో సంబంధం నిజమేనని క్వైనీ ఒప్పుకున్నాడు. వీలునామా మీది తేదీ దానికి సరిగ్గా ముందురోజు. మూడు పుస్తకాల్లోని మూడు ముక్కలు పక్కపక్కన పెడితే ఒక తండ్రి ఆందోళన అర్థమవుతుంది.

భార్యకు 'రెండో మంచి మంచం' అన్న మాట పంక్తుల మధ్య ఇరికించి ఉంది. దీనిమీద జరిగిన వాదాలు చెప్పుకుంటే ఈ సభ చాలదు. వంశచరిత్రకారుడు గుర్తుంచుకోవలసింది వేరు: వీలునామా కుటుంబ జనాభా లెక్క కాదు. చట్టప్రకారం దక్కేవాటినీ, ముందే ఇచ్చేసినవాటినీ అందులో రాయనక్కరలేదు. పేరు లేని కొడుకు చనిపోయాడనీ, కోపంతో వదిలేశారనీ తీర్మానించకూడదు. మనవరాలు ఎలిజబెత్‌ను ఈ వీలునామా ఆ కాలపు వాడుకలో మేనకోడలిని పిలిచే మాటతోనే పిలుస్తుంది. రిజిస్టరు పక్కన లేకపోతే ఆమె తోబుట్టువు కూతురైపోయేది.

హామ్నెట్ ఖననం 1596 ఆగస్టు 11న. జూడిత్ ముగ్గురు కొడుకులూ తల్లి కంటే ముందే పోయారు. ఎలిజబెత్ 1670లో సంతానం లేకుండా కన్నుమూసింది. ఆమె వీలునామాలో హెన్లీ వీధి ఇళ్లు విలియం చెల్లెలు జోన్ సంతతికి, హార్ట్ కుటుంబానికి వెళ్లాయి. విలియం నేరు వంశం అక్కడితో సరి; ఆస్తి మాత్రం మేనల్లుడి బిడ్డల వెంట నడిచింది.

డాబు కాగితం

ఇప్పటిదాకా చూసినవి వేరే పనుల కోసం పుట్టిన కాగితాలు. గొప్ప చాటుకోవడానికి పుట్టింది కూడా ఒకటి ఉంది. 1596లో జాన్ షేక్‌స్పియర్ పేరిట వంశచిహ్నం కోసం దరఖాస్తు వెళ్లింది. ఆ చిత్తుప్రతుల్లో, పూర్వీకులు ఏడో హెన్రీకి వీరసేవ చేసి సత్కారం పొందారని ఉంది. అలాంటి సత్కారానికి రుజువు నేటికీ దొరకలేదు. 1599లో ఆర్డెన్‌ల చిహ్నం కూడా కలుపుకోబోయారు. పార్క్ హాల్ ఆర్డెన్లనే జమీందారీ వంశంతో విల్మ్‌కోట్ రైతుకు బంధుత్వం రుజువు కాలేదు.

డాబు తర్వాతి తరాలకూ అంటుకుంది. మేరీ ఆర్డెన్ ఇల్లంటూ రెండు శతాబ్దాల పాటు యాత్రికులు చూసిన అందమైన ఇల్లు ఆమెది కాదని 2000లో పాత భూమి పత్రాలు తేల్చాయి. అది ఆడం పామర్ అనే పొరుగు రైతుది. ఆర్డెన్‌ల ఇల్లు పక్కనే ఉన్న మరో ఇల్లు.

ఇక తాత రిచర్డ్ సంగతి. అతనికి వెనక వార్విక్‌షైర్ పల్లెల్లో షేక్‌స్పియర్లు చాలామందే ఉన్నారు. నోల్ గ్రామపు ధార్మిక సంఘం పుస్తకంలో 15వ శతాబ్దం నుంచే ఆ ఇంటిపేరు కనబడుతుంది. వాళ్లలో ఎవరు రిచర్డ్ తండ్రి? ఇంటిపేరు, జిల్లా కలిసినంత మాత్రాన గీత గీయలేం. ఒక జరిమానా, ఒక పూచీ, ఒక పంపకం రిచర్డ్‌ను వెనకటి మనిషితో కలిపే దాకా ఆ గడి ఖాళీగానే ఉండాలి.

మనకు పనికొచ్చేది

ఈ పుస్తకాల పరంపర మన తీరానికీ వచ్చింది. మద్రాసు సెయింట్ జార్జి కోటలో సెయింట్ మేరీ చర్చి 1680లో ప్రారంభమైంది. 1698 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కు వెళ్లేవి. అవిప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కంపెనీ కొలువులో ఈ గడ్డమీద చనిపోయిన ఇంగ్లీషువాళ్ల బంధువులు నేడు వెదికేది వాటిలోనే. తెలుగు జిల్లాల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకూ, స్థానిక చరిత్ర రాసేవాళ్లకూ అవి అంతే పనికొస్తాయి.

ఇక్కడున్న విద్యార్థులకు ఒక పని చెబుతాను. ఏ కుటుంబమైనా సరే, వంశవృక్షం గీసేటప్పుడు ప్రతి గీత పక్కనా మూడు సంగతులు రాయండి: ఏ పత్రం చెప్పింది, ఆ పత్రం ఎందుకు పుట్టింది, అది అసలా నకలా. మూడింటికీ జవాబున్న గీతను నిండుగా గీయండి. అనుమానాన్ని చుక్కల గీతగా ఉంచండి. జవాబు లేనిచోట గీత ఆపండి. రాజసేవ చేసిన ముత్తాత కంటే, పొలం కౌలుకు చేసి 38 పౌండ్ల 17 షిల్లింగుల ఆస్తి మిగిల్చిన తాత చిన్నవాడేమీ కాదు. పైగా ఆ తాతకు రుజువుంది.