బరువులు మోసిన రెక్కలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



వైమానిక దళమనగానే సామాన్యుని మనస్సునకు ముందుగా తోచునది యుద్ధవిమానము. మెరుపువలె వచ్చి, శత్రువును కొట్టి, మరలిపోవు ఆ విమానమునకు చిత్రములందును కథలందును పెద్దపీట లభించినది. బియ్యపు బస్తాలను, మందుల పెట్టెలను, ముళ్లతీగ చుట్టలను, సెలవుపై యింటికి పోవు సిపాయిని మోసికొనిపోవు రవాణా విమానమునకు అట్టి ఖ్యాతి లేదు. అయినను కొండ సరిహద్దులలో పనిచేసి విశ్రాంతి పొందిన వృద్ధ సైనికులు నలుగురు కూడినచోట తరచుగా వచ్చు ప్రస్తావన ఈ బరువుల విమానమును గూర్చియే. కారణము లేకపోలేదు. యుద్ధవిమానమున నుండువారు ఒకరో యిద్దరో. రవాణా విమానము ఎక్కువారు అనేకులు. వేరువేరు పటాలములవారు, వేరువేరు భాషలవారు, ఒకరినొకరు ఎరుగనివారు. అది కూలిననాడు పదుల కొలది యిండ్లకు ఒకేసారి తంతి పోయెడిది.

ఈ విమానములలో పెద్దన్న డకోటా. అమెరికాలో డగ్లస్ కంపెనీవారు ప్రయాణికుల కొరకు నిర్మించిన డి.సి.3 విమానమే రెండవ ప్రపంచయుద్ధ కాలమున సైనికరూపము దాల్చెను. డకోటా యనునది దానికి బ్రిటిషువారు పెట్టిన పేరు. రెండు యింజనులు, ఒక్కొక్కటి సుమారు 1,200 అశ్వశక్తి గలది. తోక క్రింద చిన్న చక్రముండుటచే నేలపై నిలిచినప్పుడు దాని ముక్కు ఆకాశము వైపునకు ఎత్తియుండును. అందుచే వెనుక తలుపున లోనికి అడుగుపెట్టిన సిపాయి చెరువుగట్టు నెక్కినట్లు ఎగువకు నడచిపోయి కూర్చొనవలెను. ఇరుప్రక్కల గోడల వెంబడి లోహపు ఆసనములు, ఎదురెదురుగా ముఖములు. దారి పొడవునను ఎదుటివాని ముఖము చూచుట తప్ప చేయుటకు పనిలేదు. రొదలో మాట వినబడదు. ఆ ముఖములు వృద్ధులకు నేటికిని మరపు రాకుండుటకు ఈ ఆసనముల అమరికయు నొక కారణమేమో!

1947 అక్టోబరు 27వ తేదీ ప్రాతఃకాలమున ఈ డకోటాలే సిక్కు రెజిమెంటు మొదటి పటాలమును ఎక్కించుకొని ఢిల్లీనుండి శ్రీనగరమునకు బయలుదేరినవి. అచటి విమానాశ్రయము అప్పటికే శత్రువుల చేజిక్కినదో లేదో ఎక్కినవారికి తెలియదు. ఆకాశమున చుట్టుతిరిగి, క్రింది పరిస్థితిని చూచుకొని దిగవలసియుండెను. దిగిరి. పటాలమునకు నాయకుడై వచ్చిన లెఫ్టినెంట్ కర్నల్ దేవాన్ రంజిత్ రాయ్ బారాముల్లా దారిలో పోరాడి నేలకొరిగెను; దిగిన మరునాటికి ఆయన జీవించిలేడు. ఆ ఉదయము విమానమును నడిపినవారు ఆయనను దింపి, మరల సిపాయిలను తెచ్చుటకై వెంటనే ఢిల్లీకి మరలియుండిరి. రవాణా విమానము నడుపువాని బ్రతుకంతయు ఇట్లే. తాను దింపి వచ్చిన మనిషికి తరువాత నేమయ్యెనో అతడు ఇతరులు చెప్పగా వినవలసినదే.

ఆ యుద్ధముననే పూంఛ్ పట్టణము ఇంచుమించు ఒక సంవత్సరకాలము ముట్టడిలో నుండెను. పట్టణమునిండ శరణార్థులు. సైనికులును శరణార్థులును కలిసి త్రవ్వి చదునుచేసిన చిన్న మైదానముపై ఎయిర్ కమడోర్ మెహర్ సింగ్ డకోటాను దింపెను. వెళ్లునప్పుడు ఆహారము, మందుగుండు. తిరిగి వచ్చునప్పుడు గాయపడినవారు, స్త్రీలు, పిల్లలు. రవాణా విమానము రిక్తహస్తములతో మరలి రాదు. ఆ మెహర్ సింగే 1948 మే 24న జనరల్ తిమ్మయ్యను వెంటబెట్టుకొని, అంతవరకు ఏ విమానమును దిగని లేహ్‌లో దిగెను. ఆ నేల సముద్రమట్టమునకు పదివేల అడుగులకు పైన నున్నది; దారిలోని కొండలు అంతకంటె నెంతయో ఎత్తు. ప్రాణవాయువు పరికరములు లేవు, దారి చూపు పటములు సరిగా లేవు. లదాఖునకు చెందిన సోనం నోర్బు అను ఇంజనీరు ఆ మైదానమును సిద్ధము చేయించియుండెను. మెహర్ సింగ్‌నకు మహావీర చక్ర మిచ్చిరి. అతడు ఆ సంవత్సరమే దళమును వీడెను. 1952 మార్చిలో జమ్మూనుండి ఢిల్లీకి విమానము నడుపుకొనుచు వచ్చుచుండగా తుపానులో చిక్కి మరణించెను. హిమాలయములను దాటినవానిని ఢిల్లీ సమీపమున గాలివాన పొట్టన పెట్టుకొన్నది.

విమానము దిగుటకు చోటులేని కొండలలో పని మరియొక విధము. ఈశాన్య సరిహద్దున, నాడు నేఫా యనబడిన ప్రాంతమున, అడవుల నడుమ కావలికాయు ఠాణాలకు ఉప్పు మొదలుకొని తుపాకి గుండు వరకు ఆకాశమునుండియే పడవలెను. పగిలి చెడిపోవు వస్తువులను పారాచూటులకు కట్టి విడుతురు. బియ్యము, పప్పు వంటివానిని ఒక గోనెలో వదులుగా నింపి, దానిని మరియొక పెద్దగోనెలో పెట్టి కుట్టి, ఊరకయే త్రోసివేయుదురు. నేలను తాకినంతనే లోపలి సంచి పగిలినను పైసంచి గింజను చెదరనీయదు. ధాన్యపు బస్తాలు ఎత్తి దింపిన చేతులకు ఈ ఉపాయము వివరించి చెప్పనక్కరలేదు. తలుపు తీసివేసిన ద్వారము కడ నిలిచి ఈ బస్తాలను త్రోయు పని సైన్యపు సరఫరా శాఖకు చెందిన సిపాయిలది. సంజ్ఞ అందినంతనే త్రోయవలెను. సంజ్ఞ ఆగినంతనే ఆగవలెను. ఆలస్యమైన బస్తా లోయలో పడి యెలుగుబంట్ల పాలగును. కొలది బస్తాలు పడిన పిమ్మట విమానము లోయలో చుట్టి మరల వచ్చును. ఒక్క విమానపు సరకు దింపుటకు అట్లు ఎన్నియో పర్యాయములు తిరుగవలెను. ఇరుకైన లోయ, ప్రక్కన కొండ, పైన మేఘము. తక్కువ ఎత్తున, తక్కువ వేగమున, మరల మరల. ఇందు ప్రాణము తీయుటకు శత్రువు తుపాకి అక్కరలేదు, మేఘమొక్కటి చాలును.

ఈ పని చేసినవారి జ్ఞాపకములలో వీరగాథలు తక్కువ. చలి, ఇంధనపు వాసన, చెవులలో గింగురుమను రొద, గోనెనార గీరిన అరచేతులు. వీని నడుమ ఒక మనిషి. ప్రతి వృద్ధునికిని అట్టివాడొకడుండును. ప్రక్క మంచమువాడు కావచ్చును, ఒకే కంచమున తిన్నవాడు కావచ్చును. అన్నిటికంటె బరువైనది వంతు మార్చుకొన్న జ్ఞాపకము. తనకు జ్వరము వచ్చినందుననో, అవతలివానికి సెలవు తొందర యైనందుననో జాబితాలో పేరు మారును, తాను ఎక్కవలసిన విమానము మరియొకడు ఎక్కును, అది రాదు. తప్పు ఎవరిదియు కాదని తెలిసియు, ఆ మాట నోటవచ్చినంతనే వృద్ధులు సంభాషణను వేరొక దారికి మరలింతురు. ఏబదియేండ్లు గడచినను ఆ లెక్క తీరదు.

డకోటాల తరువాత ప్యాకెట్లు వచ్చినవి, సోవియట్ దేశమునుండి నాలుగు యింజనుల ఆంటనోవ్ 12 వచ్చినది. 1962 అక్టోబరులో ఈ ఆంటనోవ్‌లు తేలికరకపు టాంకులను సైతము కడుపున పెట్టుకొని చుషూల్ మైదానమున దింపినవి. అట్టి విమానమొకటి 1968 ఫిబ్రవరి 7న చండీగఢ్ నుండి లేహ్‌నకు బయలుదేరెను. అందున్నవారు నూట యిద్దరు. నడుపువారు నలుగురు, తక్కిన తొంబదియెనమండుగురును ప్రయాణికులు. లేహ్ సమీపమున వాతావరణము చెడిపోవుటచే విమానము వెనుకకు మరలెను. రోహ్‌తాంగ్ కనుమ ప్రాంతమున దానితో సంబంధము తెగిపోయెను. ఎంత వెదకినను ఆనవాలు లేదు.

చచ్చినవాని యింట ఏడ్పునకు ఒక అంతమున్నది. కనుపించకపోయినవాని యింట ఏడ్చుటకే ఆరంభము లేదు. తద్దినము పెట్టుటకు తిథి యేది? కుంకుమ తుడిచికొనుమని ఆ యిల్లాలికి ఏ పెద్ద చెప్పగలడు? ఏడేండ్లు వార్త తెలియనివానిని మృతునిగా భావింపవచ్చునని చట్టము చెప్పుచున్నది. పన్నెండేండ్లు వేచి, దర్భలతోనో పలాశ పర్ణములతోనో ప్రతికృతి గావించి దహనము చేయుమని పూర్వ ధర్మశాస్త్రములు చెప్పినవి. ఏడైనను పన్నెండైనను అవి శాస్త్రమునకు సరిపోవు లెక్కలే కాని తల్లికి సరిపోవు లెక్కలు కావు.

ఈ వేదన ఆంధ్రదేశమునకును అందకపోలేదు. 2016 జులై 22న చెన్నై చెంత తాంబరం నుండి పోర్టు బ్లెయిరునకు ఆంటనోవ్ 32 విమానమొకటి ఇరువదితొమ్మిది మందితో లేచి, బంగాళాఖాతముపై అదృశ్యమయ్యెను. అందు ఎనమండుగురు విశాఖపట్టణపు నౌకాదళ ఆయుధశాలకు చెందిన పౌర ఉద్యోగులు. తుపాకి పట్టినవారు కారు, పనిమీద పోయినవారు. ఓడలును విమానములును వారముల తరబడి గాలించినను ఏమియు దొరకలేదు. ఆ సెప్టెంబరులో అందరును మరణించినట్లు భావించవలసినదిగా కుటుంబములకు తెలియజేసిరి. 2024 జనవరిలో, మనిషి లేకుండ తనంతట తాను మునిగి తిరుగు యంత్రమొకటి తీసిన ఛాయాచిత్రములలో, 3,400 మీటర్ల లోతున విమాన శకలములు కనుపించినవి. సముద్రము చూపినదే గాని తిరిగి యియ్యలేదు.

వృద్ధుల జ్ఞాపకమునకు లోహరూపమిచ్చిన ఘట్టమొకటి కలదు. డకోటాలు నడిపిన ఎయిర్ కమడోర్ ఎం.కె. చంద్రశేఖర్ కుమారుడు, అప్పటి పార్లమెంటు సభ్యుడు రాజీవ్ చంద్రశేఖర్, విదేశమున తుక్కు క్రింద పోనున్న పాత డకోటా నొకదానిని కొని, బ్రిటనులో మరమ్మతు చేయించి, 2018లో వైమానిక దళమునకు సమర్పించెను. దానికి పరశురామ యని పేరిడిరి. 1947లో శ్రీనగరమున దిగిన డకోటా సంఖ్య వి.పి.905నే దాని తోకపై వ్రాయించిరి. విమానము అది కాదు, సంఖ్య మాత్రమే అది. అయినను ఆ యింజనుల మ్రోత అదే. హిండన్ మైదానమున అది ఎగిరిన దినమున పాతవారికి ఆ భేదము పట్టినట్లు లేదు.

మరల 1968 నాటి విమానము కథ. ముప్పదియైదేండ్లకు, 2003లో, లాహుల్ సీమలోని ఢాకా హిమానీనదముపై పర్వతారోహకులకు విమాన శకలములును ఒక సిపాయి దేహమును కనబడినవి. మంచునది నిలిచియున్నట్లే కనుపించును గాని అంగుళ మంగుళముగా దిగువకు సాగుచు, మ్రింగినదానిని ఏండ్ల పిమ్మట పైకి తేల్చుచుండును. ఆ పిమ్మట సైన్యమువారు అనేక పర్యాయములు వెదకిరి. మంచు కొంత కరగు కొలది వారములలోనే అచట కాలూనవచ్చును. తక్కిన యేడంతయు ఆ త్రోవ మూసియుండును. 2019 నాటికి ఐదు దేహములు మాత్రమే లభించినవి.

2024 సెప్టెంబరు చివర మరి నాలుగు దొరికినవి. ఏబదియారేండ్లు మంచులో నున్నవారిని వారి వస్తువులను బట్టియు, వారివద్ద మిగిలిన కాగితములను బట్టియు గుర్తించిరి. అవి మహాలయ పక్షపు దినములు. పితృదేవతలకు తిలోదకము లిచ్చు ఆ పక్షమున ఒక సిపాయి త్రివర్ణ పతాకము కప్పుకొని తన యూరికి వచ్చెను. ఎదురుచూచిన భార్య అప్పటికే లేదు, కుమారుడును లేడు. మనుమలు నిప్పు పెట్టిరి. మరియొకడు కేరళ దేశపువాడు. విమానము ఎక్కునాటికి ఇరువదిరెండేండ్లవాడు. అతని కొరకు వేచిన సోదరీ సోదరులు వృద్ధులై పెట్టె వెంట నడచిరి. అతడు మాత్రము ఇరువదిరెండేండ్ల వాడుగనే వారి చర్చి ప్రాంగణమున మట్టిలో దిగెను.

నూట యిద్దరిలో, 2024 నాటికి ఇల్లు చేరినవారు తొమ్మండుగురు.