కలసి పెరిగిన పిల్లలు - మేనరికము

(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



పిల్లల చదువును గూర్చి తలపోయవలసిన సభలో పెండ్లి ప్రస్తావన తెచ్చుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన పిల్లలు ఉన్నత తరగతులకు వచ్చునప్పటికే ఇండ్లలో ఆ మాట మొదలగుచున్నదని మనమందరము ఎరుగుదుము. పరభాషా ప్రాంతమున తరతరములుగా స్థిరపడిన మనకు సంబంధములు దొరకు వలయము చిన్నది. కావున మేనరికము మనకు అలవాటు మాత్రమే కాదు, ఒక ఊతకఱ్ఱ కూడ.

మాకు తెలిసిన ఒక కుటుంబమున తల్లికి జబ్బు చేయగా, రెండేండ్ల ఆడపిల్లను మేనమామ ఇంటికి పంపిరి. ఆ ఊర తెలుగు బడి యుండుటచేత చదువు ముగియువరకు ఆమె అక్కడనే పెరిగెను. మామకు ఆమెకన్న మూడేండ్లు పెద్దవాడైన కొడుకు కలడు. పిల్ల ఇంటనే యున్నది, వెదకనక్కరలేదని పెద్దలు ఏండ్ల తరబడి మురిసిరి. తీరా ముహూర్తము పెట్టబోవు వేళకు ఇద్దరును ఒకే మాట చెప్పిరి: "మేము అన్నాచెల్లెండ్లవలె పెరిగితిమి, ఇది మావలన కాదు." బావను అన్న యనుట ఎక్కడి విడ్డూరమని అత్త కంటతడి పెట్టెను. చదువు తలకెక్కినదని మామ నిందించెను. రెండు ఇండ్లకును కొన్నేండ్లు రాకపోకలు నిలిచిపోయెను. ఆ పిల్లల మాటలో మొండితనము లేదని చెప్పుటకే నేడు మేము నిలబడితిమి.

ఫిన్లాండు దేశీయుడైన ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ 1891లో మానవ వివాహ చరిత్రను గూర్చి ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. పసితనము మొదలు ఒకే కప్పు క్రింద పెరిగినవారికి పెద్దయిన పిమ్మట ఒకరిపై నొకరికి దాంపత్యవాంఛ కలుగదని ఆయన అందులో వాదించెను. డార్విన్ చూపిన పరిణామ సూత్రమే దీనికి ఆధారము. ప్రతి మనిషిలోను బయటపడని లోపము గల జన్యువులు కొన్ని దాగియుండును. దగ్గరి రక్తబంధువులు దంపతులైనచో, ఒకే లోపము ఇరువైపులనుండి బిడ్డకు సంక్రమించుటకు అవకాశము హెచ్చును. కావున తోబుట్టువులయెడ విముఖత గలవారి సంతతి వేల తరములలో ఎక్కువగా నిలిచినది. మనస్సు పోకడలను ఈ విధముగా వివరించు శాస్త్రమునకే నేడు పరిణామ మనోవిజ్ఞానమని పేరు.

అయితే మనస్సునకు రక్తమును చదువు శక్తి లేదు. అది చూడగలిగినది ఊయలను మాత్రమే. ఎవరితో కలసి పాలు త్రాగి, ప్రక్కప్రక్కను పండుకొని పెరిగితిమో వారిని తోబుట్టువులుగా లెక్కించును. 2007లో లీబర్‌మన్, టూబీ, కాస్మిడెస్ అను శాస్త్రజ్ఞులు రెండు గుర్తులను చూపిరి: తన తల్లి ఆ పసిబిడ్డను సాకుచుండగా కన్నులార చూచుట యొకటి, బాల్యమున కలసి గడపిన యేండ్లు రెండవది.

ఊయలను చూచి లెక్క వేయు మనస్సు పొరబడుటయు కలదు. తైవాన్‌లో పూర్వము కాబోవు కోడలిని పసిపిల్లగానే తెచ్చి, కొడుకుతో పాటు పెంచి, యుక్తవయస్సున పెండ్లి చేయు ఆచార ముండెను. వారికి రక్తసంబంధము లేదు. ఆర్థర్ వుల్ఫ్ పరిశోధించి చూడగా, అట్టి దంపతులలో సంతానము తక్కువ, విడాకు లెక్కువ. మూడేండ్లలోపు వచ్చిన పిల్లల విషయమున ఇది మరింత స్పష్టము. ఇస్రాయేలు కిబ్బుట్జులలో పిల్లలను గుంపుగా పెంచెడివారు. జోసెఫ్ షెఫర్ 1971లో 2,769 పెండ్లిండ్లను పరిశీలించి, మొదటి ఆరేండ్లు ఎడతెగక ఒకే గుంపున పెరిగినవారి మధ్య ఒక్క పెండ్లియు లేదని చెప్పెను. అట్లు పెరిగినవారిలోను ఆకర్షణ కలిగినవారు కలరని 2009లో మరి ఇద్దరు పరిశోధకులు ఆక్షేపించిరి. కావున ఇది ఒక మొగ్గు గాని ఇనుపకట్టు కాదు.

ఇక మన మేనరికమునకు వత్తము. పినతండ్రి బిడ్డలను, పినతల్లి బిడ్డలను మనము తోబుట్టువులందుము; మేనత్త మేనమామల బిడ్డలను బావ మరదళ్లందుము. రక్తపు లెక్కలో వీరందరును ఒకే దూరమున నున్నారు. జన్యువులలో సుమారు ఎనిమిదవ పాలు ఉమ్మడి. మేనమామకు మేనకోడలితో నాలుగవ పాలు ఉమ్మడి. సాధారణముగా నూటికి ఇద్దరు ముగ్గురు శిశువులకు పుట్టుకతో తీవ్రమైన లోపము లుండగా, మేనత్త మేనమామల బిడ్డల పెండ్లిలో ఆ లెక్క రమారమి రెట్టింపగును. ఎక్కువమంది బిడ్డలు ఆరోగ్యముగనే పుట్టుదురు. అయినను తరతరమున మేనరికమే చేసిన ఇంట భయము పెరుగును. 1955 హిందూ వివాహ చట్టము ఆచారమున్నచోట ఈ పెండ్లిండ్లను ఒప్పుకొనుచున్నది. చట్టము ఒప్పినంతమాత్రమున జన్యువులు ఒప్పుకొనవు.

ఇచ్చట గమనింపవలసిన చమత్కార మొకటి కలదు. వేరువేరు ఊళ్లలో పెరిగి, సెలవులకు మాత్రమే కలిసికొను బావ మరదళ్లకు మనస్సు ఏ హెచ్చరికయు చేయదు. రక్తము దగ్గరే యైనను ఊయల వేరు గదా! ఒకే ఇంట పెరిగినవారికి మనస్సే అడ్డుపడును. మొదటివారి విషయమున మనస్సు మౌనముగా నుండును గనుక వైద్యుని అడుగవలెను. రెండవవారి విషయమున మనస్సు మాటలాడును గనుక పిల్లలను అడుగవలెను.

ప్రకృతి ఇట్లున్నది గనుక మనమును ఇట్లే నడువవలెనని మేము చెప్పుట లేదు. కారణము తెలియుట వేరు, ధర్మము నిర్ణయించుట వేరు. వలయము చిన్నదైనచో దానిని పెద్దది చేయవచ్చును. పొరుగు జిల్లా తెలుగువారున్నారు, పొరుగు రాష్ట్రపు తెలుగువారున్నారు. డేవిడ్ బస్ 1989లో ప్రకటించిన 37 సంస్కృతుల పరిశీలనలో మన దేశమును కలదు. పురుషులకన్న స్త్రీలు సంపాదనను, స్త్రీలకన్న పురుషులు రూపమును కొంత హెచ్చుగా గణించినను, ఇరువురును పరస్పరానురాగమును, నమ్మదగిన శీలమును ముందు వరుసలో నిలిపిరి. ఆ గుణములు ఇంటిపేరును బట్టి రావు.

మేము చెప్పిన కుటుంబమున ఆ పిల్లకు వేరొక సంబంధము కుదిరినది. పెండ్లినాడు అన్నగా నిలిచి పందిటిలో పనులన్నియు చూచినవాడు ఆ మేనమామ కొడుకే. అత్త అది చూచి, ఇంతకాలము వీరిద్దరును నిజమే చెప్పిరే యని అనెను. ఆ మాట మరి కొన్నేండ్లు ముందుగా అని యుండినచో రెండు ఇండ్ల మధ్య తలుపులు మూసికొనియుండెడివి కావు. మీ యింట అట్టి మాట వినబడిన నాడు, తలిదండ్రులారా, ఒక్కసారి ఆగి వినుడు.