భిలాయి ఉక్కునగరము, నెహ్రూ నగర్: పరిశ్రమయు ప్రజారోగ్యమును
(పురపాలక, తాలూకా అధికారుల సమావేశమున చదివిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను గాను. వైద్యశాఖవారి కాగితములను తెనిగించుట నా వృత్తి. ఆ పనిలో నాకు దృఢపడిన సంగతి యొకటి గలదు: ఊరు కట్టబడిన తీరును విడిచి ఊరి ఆరోగ్యమును గూర్చి మాటాడుట వ్యర్థము. ఇందుకు నిదర్శనముగా ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమందలి భిలాయి నగర చరిత్రను సంగ్రహముగా మనవి చేసెదను.

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వములు ఇచట ఉక్కు కర్మాగారము నెలకొల్పుటకు ఒడంబడిక చేసికొనినవి. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఇనుపరాయి దల్లీ-రాజహరా గనులనుండియు, సున్నపురాయి నందిని గనులనుండియు, నీరు తాండులా జలాశయమునుండియు చేరుచుండెను. దేశపు నలుమూలలనుండి కూలీలు వచ్చిరి. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి విజయనగరము-రాయపూరు రైలుమార్గమున మన తెలుగువారును పెక్కుమంది వచ్చి స్థిరపడిరి.

కర్మాగారము తన ఉద్యోగులకై సెక్టార్ల వారీగా ఊరు కట్టించెను. వెడల్పైన వీధులు, చెట్లు, పాఠశాలలు, అంగళ్లు, కొళాయి నీరు, మురుగు కాలువలు, తొమ్మిదవ సెక్టారున పెద్ద ఆసుపత్రి అమరెను. అయితే ఆ ఊరు కట్టిన కూలీలు నివసించిన క్యాంపులు సెక్టార్లకు వెలుపలనే నిలిచిపోయెను. క్యాంపు 1, క్యాంపు 2 అను పేళ్లు నేటికిని ఆ కథను చెప్పుచునే యున్నవి. జి.ఇ. రోడ్డును ఆనుకొని తూర్పు, పశ్చిమ భాగములుగా విస్తరించిన నెహ్రూ నగర్ మధ్యతరగతి గృహస్థుల పేట. ఒకే నగరమున మూడు విధముల నివాసము లేర్పడినవి; పారిశుద్ధ్య బాధ్యతయు కొంత కర్మాగారమునకు, కొంత పురపాలకమునకు చీలినది.

ఇంగ్లాండున బర్మింగుహాము శివారునగల బోర్న్‌విల్‌ను దీనితో పోల్చి చూడుడు. కాడ్బరీ సోదరులు 1879లో తమ కర్మాగారమును ఇరుకు నగరమునుండి అచటికి తరలించిరి. అచట తోటలతో కూడిన యిండ్లు లేచినవి. 1900లో జార్జి కాడ్బరీ ఆ పేటను ధర్మకర్తల కప్పగించెను. ఆ యిండ్లు కర్మాగారపు పనివారికి మాత్రమేగాక యితరులకును లభించుట గమనింపదగినది. భిలాయి సెక్టార్లలోని క్వార్టర్లన్ననో, ఉద్యోగమును బట్టి దొరకునట్టివి. కాంట్రాక్టు కూలీకి కొలిమి వేడిమి దక్కెనుగాని కొళాయి దక్కలేదు.

గోడలకు లోపల భద్రత సంపూర్ణమనుటయు పొరపాటు. 2014 జూన్ 12వ తేదీన పంపుహౌసు చెడి, బ్లాస్టు ఫర్నేసు వాయువు వెలువడగా ఆరుగురు మరణించిరి; వారిలో ఉన్నతాధికారులును గలరు. ఆ వాయువందలి కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు; ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన గట్టితనముతో రక్తమును పట్టుకొనును. దానికి అధికారియని, కూలియని భేదము లేదు.

దోమయు నట్టిదే. 2018 ఆగస్టులో భిలాయియందు డెంగీ జ్వరము ప్రబలి పలువురు అసువులు బాసిరి. తెలుగువారు హెచ్చుగా నివసించు ఖుర్సీపార్ మిక్కిలి దెబ్బతినెను. ఈ దోమ మురుగులోగాక నిలువయున్న మంచినీటిలో పెరుగును. గ్రుడ్డు దోమయగుటకు ఏడెనిమిది దినములు చాలును. పూరింటి తొట్టియైనను, మేడమీది కూలరైనను దానికి సమానమే.

ఇచట నా తప్పిదము నొకదానిని ఒప్పుకొనవలయును. వేరొక పట్టణమున అంటించుటకై నే తెనిగించిన ప్రకటనలో "నీటిని నిలువ చేయకుడు" అని వ్రాసితిని. ఒక యిల్లాలు దానిని చదివించుకొని, "రెండు దినముల కొకమారు కొళాయి వచ్చుచుండగా నిలువ చేయక పిల్లలకేమి పోయుదును బాబూ?" అని యడిగెను. నాకు బదులు తోచలేదు. మూలమునకు నా మాట సరిపోయినది. ఆమె బ్రదుకునకు సరిపోలేదు. పిమ్మట "మూతవేసి నిలువ చేయుడు, వారమున కొకసారి తొట్టిని తోమి ఆరబెట్టుడు" అని మార్చితిమి.

కావున అధికారులకు నా మనవి యిది. కర్మాగారపు నేల, పురపాలకపు నేల, క్యాంపుల నేల యను గీతలు పన్నులకు పనికివచ్చునుగాని రోగములకు పనికిరావు. పారిశుద్ధ్యమునకు ఒకే పటము, జ్వరములకు ఒకే పట్టిక యుండవలయును. కాంట్రాక్టు కూలీల పేళ్లు అందు మొదట చేరవలయును. ప్రకటన పేటవారి భాషలో నుండవలయును. దానిని అచ్చునకు పంపుటకు ముందు ఆ పేటలోని ఒక యిల్లాలికి చదివి వినిపింపుడు. ఆమె ప్రశ్న వేసినచో, దిద్దవలసినది ప్రకటన మాత్రమేనా, కొళాయియా యని తప్పక విచారింపుడు.