లైవ్ ఫుడ్ ఏ నీళ్లలోంచి వచ్చింది? అక్వేరియంలో వేసే ముందు ఇది చూడండి

ఈ ఎపిసోడ్‌లో అక్వేరియం చేపలకు లైవ్ ఫుడ్ సేఫ్‌గా ఎలా వెయ్యాలో మాట్లాడుకుందాం.

బెట్టా, గప్పీ, ఏంజెల్ లాంటి చేపలు కదిలే మేత చూస్తే ఆగవు. పిల్ల చేపలైతే దాంతో బాగా ఎదుగుతాయి. అందుకే చాలామంది ఒక వల పట్టుకుని దగ్గర్లోని నీళ్ల దగ్గరకు వెళ్లిపోతారు. మన అత్తిలి, తాడేపల్లిగూడెం, కొల్లేరు వైపు నీళ్లకి కరువా? ఎటు చూసినా బోదెలు, కాలువలు, చేపల చెరువులే. సమస్య కూడా అక్కడే ఉంది.

ఒకటి, చేపల చెరువు. బొచ్చె, శీలావతి పెంచే చెరువుల్లో చేప పేను, అంటే ఆర్గులస్, మామూలుగా కనిపించేదే. డాఫ్నియా కోసం ఆ నీళ్లు ముంచితే పేను కూడా వచ్చేస్తుంది. అది చేప ఒంటికి అతుక్కుని రక్తం పీలుస్తుంది, గాజు గోడల మీద గుడ్లు పెడుతుంది. చేప రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటోందంటే అనుమానించండి.

రెండు, పంట బోదె. సార్వా అయినా దాళ్వా అయినా చేలో కొట్టిన మందు బోదెలోకి దిగుతుంది. పైరిథ్రాయిడ్ రకం మందులైతే చాలా తక్కువ మోతాదులోనే చేపల్ని చంపేస్తాయి.

మూడు, మురుగు కాలువ. ట్యూబిఫెక్స్ ఎర్ర పురుగులు ఆ బురదలోనే పెరుగుతాయి. పైపైన కడిగితే బురద పోతుంది గానీ, పురుగు కడుపులో ఉన్నది పోదు. కొన్నవైతే పళ్లెంలో కొద్ది నీళ్లలో ఉంచి, రోజుకి నాలుగైదుసార్లు నీళ్లు మారుస్తూ రెండు మూడు రోజులు ఆగండి. అయినా రిస్క్ పూర్తిగా పోదు. ఎండబెట్టిన ట్యూబిఫెక్స్ దానికంటే నయం.

మరి దోమ లార్వాలు? చేపలకి మంచి మేతే. కానీ వాటి కోసం తొట్టెలో నీళ్లు నిలవ ఉంచొద్దు. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమగా మారడానికి మన ఎండల్లో 7 నుంచి 10 రోజులు చాలు. చేప మేత కోసం ఇంట్లోవాళ్లకి జ్వరం తెచ్చుకోకూడదు కదా!

అన్నిటికంటే సేఫ్ ఆర్టీమియా. మన కోస్తాలో రొయ్యల హేచరీల్లో పిల్లలకి వేసేది ఇదే. గుడ్లు పొడిలాగా డబ్బాల్లో దొరుకుతాయి. లీటరు నీళ్లకి 25 గ్రాముల అయోడిన్ కలపని కల్లుప్పు వేసి, చిటికెడు గుడ్లు చల్లి, ఎయిర్ పంప్ పెట్టండి. 28 డిగ్రీల దగ్గర సుమారు ఒక రోజులో పిల్లలు బయటికొస్తాయి. పంప్ ఆపితే పెంకులు పైకి తేలతాయి, పిల్లలు కిందికి చేరతాయి. పెంకులు రాకుండా పిల్లల్ని సన్నటి గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి వెయ్యండి.

ఏ లైవ్ ఫుడ్ అయినా రెండు మూడు నిమిషాల్లో తినేసేంతే వెయ్యండి. మిగిలింది చచ్చి కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది. చేతికి కోత ఉంటే ట్యాంక్‌లో చెయ్యి పెట్టొద్దు. పనయ్యాక సబ్బుతో కడుక్కోండి.

గుర్తుంచుకోండి: చేపలు లేని, మందు తగలని, మురుగు కలవని నీళ్లలో పెరిగిన మేతే మేత. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై!